ఇంజన్ కేసింగ్ పగిలిందా? పాతది పారేసే ముందు దాని మీద నంబరు చూడండి

మన పొలం దారులు ఎట్టా ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు. వానలకి డొంకల్లో మట్టి అంతా కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలినయ్. బండి మీద రెండు యూరియా కట్టలు వేస్తే ఇంజను అడుక్కీ రాయికీ మధ్య బెత్తెడు సందు కూడా మిగలదు. పోయిన అక్టోబరులో మా తమ్ముడు అట్టా కట్టలు వేసుకుని వస్తుంటే అడుగున ఠంగుమంది. ఇంటికొచ్చి స్టాండు వేసిన పది నిమిషాలకి బండి కింద నల్లగా చేటంత మడుగు.

మాది 2009 మోడల్ హీరో హోండా, 100 సీసీ. రెండు పూటలా పాలు కేంద్రానికి పోవాలన్నా, పత్తికి మందు నీళ్లు తోలాలన్నా, నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా అదే. మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ పనిచేసేది ఆ బండే అని మా ఆవిడ అంటది, అందులో అబద్ధం లేదు.

ముందు ఈ కేసింగ్ సంగతి చెప్తా. కొందరు దీన్ని ఛాంబర్ అంటారు. కొబ్బరికాయ రెండు చిప్పల్లాగా కుడి సగం, ఎడమ సగం కలిపి బోల్టులు బిగిస్తారు. లోపల క్రాంకు, గేర్లు, క్లచ్ అన్నీ ఒకే ఆయిల్లో తిరుగుతాయి. ఆ ఆయిల్ మొత్తం కలిపి లీటరు. కింద పగులు ఉంటే చుక్కచుక్కగా పోతానే ఉంటది, మనకి తెలియదు. ఇట్టాంటి పాత బండ్లకి ఆయిల్ తగ్గిందని చెప్పే లైటు కూడా ఉండదు. పంపు పైదాకా ఆయిల్ తోడలేకపోతే ముందు దెబ్బతినేది పైన హెడ్డు. అక్కడ టకటక మొదలయ్యాక ఖర్చు కేసింగుతో ఆగదు.

మొదటి రోజు అందరూ చెప్పింది ఒకటే, ఎం-సీల్ పెట్టెయ్ అని. పెట్టాం కూడా. ఆయిల్ మొత్తం దించి, పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, ముద్ద కలిపి అద్ది, రాత్రంతా ఆరనిచ్చాం. పదకొండు రోజులు ఆగింది. తరవాత అంచు లేచి మళ్లీ చెమ్మ. ఆ ముద్దని తప్పు పట్టను. పగులు లోపలి నుంచి ఆయిల్ నెడుతూ ఉంటది, ఇంజను రోజుకి నాలుగుసార్లు కాగి చల్లారుతుంటది, దాని మీద ఏ ముద్దయినా ఎన్నాళ్లుంటది? ఆ పదకొండు రోజుల్లో మందు కొట్టే పని అయిపోయింది, మాకు అదే చాలు. అయితే ఆ పదకొండు రోజులూ పొద్దున్నే డిప్ స్టిక్ తీసి చూసి గానీ కిక్కు కొట్టలేదు.

తరవాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. అతను కింద పడుకుని చూసి లేచి, "అన్నా, ఇది కాదు గానీ, స్క్రాపులో పాత ఇంజను ఉంది, ఆరువేలకి ఇప్పిస్తా. సాయంత్రానికల్లా మార్చి ఇచ్చేస్తా" అన్నాడు. మనకి పాలు ఆగకూడదు, వాడేమో సాయంత్రానికల్లా అంటున్నాడు. సరే అనబోయాను. నాన్న పక్కనే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. "ఒరే, మరి నంబరో?" అన్నాడు.

అసలు సంగతి అక్కడుంది. ఇంజను నంబరు కొట్టేది ఈ కేసింగ్ మీదే. మా బండికి ఎడమ చిప్ప మీద, కింది వైపు ఉంటది. ఆర్సీలో ఉన్నది ఆ నంబరే, ఇన్సూరెన్సు కాగితంలో ఉన్నదీ ఆ నంబరే. స్క్రాపు ఇంజను మీద ఇంకెవరిదో నంబరు ఉంటది. ఆ బండి ఏ దొంగతనంలో పోయిందో, ఏ యాక్సిడెంటు కేసులో ఉందో మనకేం తెలుసు? రోడ్డు మీద ఆపి నంబరు చూశారంటే మనం పాల క్యానులతో స్టేషన్‌లో కూర్చోవాలి. పోనీ కొత్త కేసింగ్ కొందామా అంటే స్పేర్‌గా వచ్చేదాని మీద నంబరే ఉండదు, ఖాళీగా వస్తది. అప్పుడు బిల్లు పట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకి పోయి అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఇట్టా బండిలో చేసే మార్పుల గురించే. చేయలేని పనేం కాదు, కానీ మెకానిక్కులు ఆ మాట చెప్పరు.

మాకు ఇంకో తిరకాసు. బండికి 15 ఏళ్లు నిండితే 2024లో రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాం. అప్పుడు నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నారు. మళ్లీ ఐదేళ్లకి, అంటే 2029లో, ఇంకోసారి చూపించాలి. అప్పుడు నంబరు కలవకపోతే ఏం చెప్తాం?

కాబట్టి పాత చిప్పనే బాగుచేయించాలనుకున్నాం. మెకానిక్ మొహం మాడ్చుకున్నాడు గానీ ఇంజను దించాడు.

పగులు ఎంతవరకు పోయిందో కంటికి కనపడదు. దానికి పాత పద్ధతి ఒకటుంది. చిప్పని శుభ్రంగా కడిగి ఆరబెట్టి, బయట వైపు సుద్దముక్కతో తెల్లగా రాయాలి. లోపలి వైపు కిరసనాయిల్ పోయాలి. ఇప్పుడు రేషన్‌లో కిరసనాయిల్ ఎక్కడిది, మేం డీజిల్ పోశాం. అరగంటకి తెల్లటి సుద్ద మీద తడి గీత తేలింది. పైకి అంగుళమే అనుకున్న పగులు రెండంగుళాలు పైనే ఉంది. ఎండిన నల్లరేగడిలో నెర్రె పోయినట్టు సన్నగా వంకరగా పోయి, నంబరుకి అర అంగుళం ఇవతల ఆగింది. మా తమ్ముడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

ఎక్కడ పగిలితే అతికించవచ్చు, ఎక్కడ కాదు అనేది కూడా చూసుకోవాలి. అడుగు గోడ, ఆయిల్ నిలిచే చోటు, చైన్ తెగి కొట్టుకుంటే పగిలే ముందు పళ్లచక్రం పక్క గోడ, ఇవి అతికించొచ్చు. బేరింగు కూర్చునే గుండ్రటి గూడు పగిలితే మాత్రం వదిలేయండి. అతికించినా ఆ గుండ్రం మళ్లీ రాదు, క్రాంకు వంకరగా తిరుగుద్ది. ఇంజనుని ఫ్రేముకి పట్టే చెవి విరిగితే అతికించేవాళ్లున్నారు, కానీ బరువంతా దాని మీదే కాబట్టి నేనయితే పాల క్యానులు వేసుకుని తిరగను. అప్పుడు కొత్త చిప్పా ఆర్టీఓ ఆఫీసే దారి.

దగ్గర్లో ఒకచోట గ్యాసుతో అతికిస్తామన్నారు. ఫ్లక్సు వేసి అట్టా చేయగల పనిమంతులు లేకపోలేదు. కానీ అల్యూమినియం ఇనుము లాంటిది కాదు. ఇనుము కొలిమిలో ఎర్రబడి, కరిగే ముందే మనకి చెప్తుంది. అల్యూమినియం రంగు మారదు, ఉన్నట్టుండి జారిపోద్ది. పైగా గాలి తగిలితే చాలు, దాని మీద ఒక పొర కడుతుంది. లోహం 660 డిగ్రీలకి కరుగుతుంది, ఆ పొర 2000 దాటితే గానీ కరగదు. మీగడ కింద పాలు మరిగినట్టు లోపల కరిగి పైన పొర అట్టాగే ఉంటది, అతుకు కలవదు. గ్యాసు మంట సన్నటి గోడంతా పాకి చిప్ప వంకరపోయే భయం కూడా ఉంది. ఆర్గాన్ వెల్డింగులో ఆర్గాన్ వాయువు గాలిని దగ్గరికి రానివ్వదు, ఏసీ కరెంటు ఆ పొరని చెదరగొడుతుంది, వేడి కూడా ఒక్కచోటే పడుద్ది. అందుకని చిప్పని గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కి బెజవాడ ఆటోనగర్ పోయాం.

అక్కడ చేసినాయన పెద్దాయన, అరవై ఉంటాయి. చిప్ప చేతిలోకి తీసుకుని చూసి, "నంబరు ఫోటో తీసుకున్నారా? పెన్సిల్ అచ్చు?" అని ఆయనే అడిగాడు. తీశామన్నాం. "భాయ్, నంబరు మీద గ్రైండర్ తగలకూడదు" అన్నాను. "తగిలితే నాకు కూడా కేసే కదా" అని నవ్వి, నంబరు మీద ఇత్తడి రేకు ముక్క పెట్టి కట్టేశాడు. ఇది మీరు కూడా మర్చిపోవద్దు. మంచికే రుద్దినా గీతలు పడితే నంబరు చెరిపారనే అనుకుంటారు.

తరవాత ఆయన చేసిన పని దగ్గరుండి చూశాను. పగులు రెండు చివర్లా సన్న డ్రిల్లు బిట్టుతో చిన్న బెజ్జాలు వేశాడు. పగులు మొన సూదిలా ఉంటది, బలమంతా అక్కడే పడి ముందుకి పాకుద్ది. గుండ్రటి బెజ్జం వేస్తే అక్కడితో ఆగుద్ది. పగులు పొడుగునా నాగలి చాలు లాగా గాడి తీశాడు. ఆ తరవాత సన్న మంట మీద చిప్పని వెచ్చబెడితే, కడిగి కడిగి తెచ్చిన చిప్పలోంచి మళ్లీ ఆయిల్ చెమర్చింది. పదిహేనేళ్ల ఆయిల్, పోత లోహం సందుల్లో ఇంకిపోయి ఉంది. తుడిచి మళ్లీ వెచ్చబెట్టాడు, మూడుసార్లు. నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయే వేడి వచ్చాక వెల్డింగు మొదలుపెట్టాడు. మొదటి వరసలో నల్ల బుడగలు వచ్చినయ్. మొహమాటం లేకుండా దాన్ని మొత్తం గోకేసి మళ్లీ వేశాడు. కొంచెం వేయడం, ఆగడం, ఇంకో వైపు కొంచెం వేయడం. అయ్యాక ఫ్యాను కింద పెట్టబోయిన కుర్రాణ్ణి కసిరి, పొడి ఇసుకలో పూడ్చి రెండు గంటలు కదలనివ్వలేదు. ఏడొందలు తీసుకున్నాడు. టీ కూడా ఆయనే తాగించాడు.

ఇంటికొచ్చాక మెకానిక్‌తో మూడు పనులు చేయించాం. అతుకు మీద సుద్ద రాసి లోపల డీజిల్ పోసి రాత్రంతా ఉంచాం, తెల్లారి చూస్తే సుద్ద తెల్లగానే ఉంది. రెండు చిప్పలు కలిసే అంచుని మందపాటి గాజు పలక మీద బోర్లించి ఊగుతుందేమో చూశాం. ఊగితే వంకర పోయినట్టు. మాది ఒక మూల వెంట్రుకవాసి లేచింది, గాజు మీద సన్న గరుకు కాగితం వేసి మెల్లగా రుద్దితే సర్దుకుంది. బేరింగులూ సీళ్లూ ఎట్టాగూ విప్పాం కాబట్టి కొత్తవి వేయించాం. కడగడానికి కాస్టిక్ సోడా మాత్రం వాడనివ్వకండి, అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఇంజను విప్పి బిగించినందుకు 2200, బేరింగులు, సీళ్లు, గ్యాస్కెట్లు 1450, వెల్డింగు 700, ఆయిల్ 380. మొత్తం 4730, బస్సు ఛార్జీలు కాక. ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ మా బావమరిది తన బండి మీద పాలు పోసొచ్చాడు. కొత్త బండి వాయిదాల మీద తీసుకోమని ఇంట్లో ఒకరిద్దరు అన్నారు. లక్షకి దగ్గర, పత్తి ధర చూస్తే నాకు ధైర్యం చాల్లేదు.

ఇప్పటికి ఐదు నెలలు దాటింది, చుక్క కారలేదు. బండి అడుగున పాత రోటవేటర్ మూత రేకు కోయించి రెండు క్లాంపులతో కట్టించాం. అడుగున ఆయిల్ దించే బోల్టుకి చెయ్యి దూరేంత కంత పెట్టించాం. నాన్న దానికి లాడం అని పేరు పెట్టాడు.

ఇది చదివి ఇంటికెళ్లి బండి కింద తడి చూసి కంగారు పడేవాళ్లకి ఒక మాట. ముందు అడుగంతా పెట్రోలుతో తుడిచి, సుద్ద రాసి, ఒక రాత్రి ఉంచండి. తడి డ్రెయిన్ బోల్టు చుట్టూతానే ఉంటే అది పగులు కాకపోవచ్చు, కింద వాషర్ నలిగి ఉంటది. వాషర్ మార్చి చూడండి, పది రూపాయల పని. బోల్టు మర అరిగిపోయి తిరుగుతూ ఉంటే లేతు షాపులో పెద్ద మర కోసి బుష్ వేస్తారు, దానికీ వెల్డింగ్ అక్కర్లేదు. సుద్ద మీద పొడుగ్గా గీత తేలితేనే ఇంజను దించనివ్వండి.