ఒక తంతి, రెండు గదులు

మాది హోసూరు. తాతముత్తాతల నాటినుండి ఇక్కడివారమే. తెలుగు చెప్పడం నా వృత్తి. 2007లో మా ఇంటికి బ్రాడ్‌బ్యాండు వచ్చినప్పుడు దాని వేగం 256 కిలోబిట్లు. ఎంత చురుకుగా నడిచినా సెకనుకు 32 కిలోబైట్లకు మించదు. 20 మెగాబైట్ల పుస్తకం దింపుకోవాలంటే ఏ ఆటంకమూ లేకుండానే 11 నిమిషాలు పట్టేది. ఆటంకం లేని రోజు అరుదు.

ముందుగదిలో నా పాత కంప్యూటరు ఉండేది. ప్రశ్నపత్రాలు, పాఠ్యపుస్తకాలు ఆలస్యమైన ఏడు పిల్లలకు పంచే పాఠాల ప్రతులు అందులోనే తయారయ్యేవి. అమ్మాయి ప్లస్ వన్‌లో చేరినప్పుడు లోపలిగదికి రెండవ కంప్యూటరు కొన్నాము. రెండవ కనెక్షనుకు నెలనెలా అద్దె కట్టే స్తోమత లేదు. ఉన్నదానినే ఇద్దరం పంచుకోవాలి.

రౌటరు కొనమని దుకాణదారు చెప్పాడు. ధర విని వెనుకకు వచ్చాను. విండోస్ ఎక్స్‌పీలోనే ఆ సదుపాయం ఉన్నదని తరువాత తెలిసింది. మోడెం తగిలించిన కంప్యూటరులో కనెక్షను తాలూకు అమరికలు తెరచి, ఇతరులు కూడ దీనిని వాడుకోవచ్చునన్న గడిలో టిక్కు పెట్టడమే. ఆ కంప్యూటరు తనకు తాను 192.168.0.1 అని పేరు పెట్టుకొని, రెండవదానికి అదే వరుసలో మరొక సంఖ్య ఇస్తుంది. మా ఇంట వీటికి తల్లి మెషిను, పిల్ల మెషిను అని పేర్లు స్థిరపడ్డాయి. బయటి ప్రపంచానికి మా ఇంటి చిరునామా ఒకటే. లోపల ఎవరు ఏమి అడిగారో తల్లి మెషిను ఒక పట్టీలో వ్రాసుకొని, వచ్చిన జవాబును అడిగినవారికే అందిస్తుంది. ఒకే గదిలో మూడు తరగతులను కూర్చోబెట్టుకొని పాఠం చెప్పిన ఉపాధ్యాయులకు ఈ విద్య వేరుగా వివరించనక్కరలేదు.

నన్ను మూడు రోజులు ఏడిపించింది తీగ. రెండు కంప్యూటర్లను నేరుగా కలపాలంటే ఆ రోజుల్లో మామూలు తీగ పనికివచ్చేది కాదు. ఒక కొసన 1, 2 స్థానాలలో ఉన్న పోగులు రెండవ కొసన 3, 6 స్థానాలకు పోవాలి. ఒకరి నోరు రెండవవారి చెవికి చేరాలి గదా. నోటికి నోరు కలిపితే ఎవరికి ఏమి వినబడుతుంది? ఈ సంగతి తెలియక మామూలు తీగ తగిలించి, దీపం వెలగలేదని రెండు పెట్టెలనూ విప్పి చూశాను.

తీగ దారికి వచ్చిన పిమ్మట అసలు చిక్కు బయటపడింది. తల్లి మెషిను ఆగితే పిల్ల మెషినుకు అంతర్జాలం లేదు. నాకు రాత్రి తొమ్మిదిన్నరకు అన్నీ ఆపివేసి పడుకొనే అలవాటు. కరెంటు బిల్లు భయం ఒకటి. పాత తెలుగు పుస్తకాల పుటలు దింపుకొనే పని ఉన్ననాడు మాత్రం రాత్రంతా నడవనిచ్చేవాణ్ణి. ఈ భేదం నాకు తప్పుగా తోచలేదు.

ప్లస్ టూ చదివే ఏడు ఒక రాత్రి అమ్మాయి ప్రవేశపరీక్ష దరఖాస్తు నింపుతున్నది. మర్నాడే ఆఖరు తేదీ. నేను చూడకుండా అలవాటు చొప్పున ముందుగదిలో మీట నొక్కాను. నింపినదంతా పోయింది. పిల్ల వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఏం నాయనా, మళ్లీ ఆపేస్తివా? నీ తెలుగుకైతే తెల్లార్లూ లైను ఉండొచ్చు. నా చదువుకు పది నిమిషాలు ఉండకూడదా?"

మరల వెలిగించి, దరఖాస్తు పూర్తయ్యేవరకు ప్రక్కన కూర్చున్నాను. ఆమె నాతో మాట్లాడలేదు. 'నీ తెలుగు' అన్న మాట మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. తెలుగు పంతులు తన బిడ్డను ఇంగ్లీషు మీడియంలో చేర్చాడేమని అడిగేవారు ఉంటారు. అడగవలసిందే. తమిళనాడులో ఒకటవ తరగతి మొదలుకొని దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసిన చట్టం 2006లో వచ్చింది. నేను అంతకు పదేండ్ల ముందే భయపడ్డాను. పై తరగతులకు తెలుగు మీడియం దొరుకుతుందో లేదోనన్న భయంతో, ఊరి పిల్లలకు చెప్పిన ఓనమాలు ఇంటి పిల్లకు చెప్పకుండా వదలివేశాను. ఆమె మా ఊరి తెలుగు గడగడ మాట్లాడుతుంది. అక్షరాలు రావు.

ఆ ఆదివారం టెలిఫోను తీగను లోపలిగది దాకా పొడిగించి, మోడెమును అక్కడికి మార్చాను. ఫోనుకు ఫిల్టరు పెట్టడం మరచినందున రెండు రోజులు మాటల నడుమ గరగరమని చప్పుడు. తల్లి మెషిను ఇప్పుడు అమ్మాయిది. ఆమె ఆపితే నాకు లేదు. ప్రింటరు కూడ అటే పోయింది. నిజము చెప్పాలంటే, నా ఇంట నేను "కాస్త ఉంచు పాపా" అని అడుక్కోవడం మొదట చిన్నతనంగానే ఉండేది.

ప్రింటరు పోవడమే మేలైంది. నా ప్రశ్నపత్రాలను ఇద్దరికీ పొత్తుగా ఉన్న ఫోల్డరులో వేసి, అచ్చు తీసిపెట్టమని ఆమెకు చెప్పేవాణ్ణి. మొదటిసారి తెరచి, "అంతా డబ్బాలే ఉన్నాయి నాయనా" అని పిలిచింది. ఆమె కంప్యూటరులో తెలుగు అమర్చలేదు. ఎక్స్‌పీలో సీడీ పెట్టి భాషల అమరికలలో ఒక టిక్కు పెడితేగాని మన లిపి కనబడేది కాదు. అది పెట్టాలన్న ఊహ నాకే కలుగలేదు. పెట్టాము. డబ్బాలు అక్షరాలయ్యాయి. ఆమె వాటికేసి చూస్తూ, "నేను కూడ కొట్టొచ్చా?" అని అడిగింది.

లేఖినిని తెరచి చూపాను. ఇంగ్లీషు అక్షరాలతో ఏ-ఎం-ఎం-ఏ అని కొడితే క్రింద 'అమ్మ' అని వస్తుంది. చదవడం రాకున్నా మాట వచ్చిన పిల్లకు ఇది తగిన మెట్టు. తాను పలికినది ఎట్లుంటుందో కంటికి కనబడుతుంది. మొదటి వారమంతా ఇంటిలోని వస్తువుల పేర్లు కొట్టింది. 'నీల్లు' అని కొట్టినప్పుడు, అది చిన్న ఎల్లు కాదు, పెద్ద ఎల్లు అని చెప్పాను. "రెండు ఎల్లులు ఎందుకు, ఇంట్లో ఒకటే అంటాం కదా?" అన్నది. ల-ళల భేదాన్ని తరగతిలో ఎన్నో ఏండ్లు చెప్పినవాణ్ణి, ఆ ప్రశ్నకు మాత్రం వెంటనే బదులు చెప్పలేకపోయాను. వేసవి గడిచేసరికి నా ప్రశ్నపత్రాలను కూడబలుక్కొని చదివి, నా తప్పులు రెండు పట్టింది. చేతివ్రాత మాత్రం నేటికీ రాలేదు. అది నా బాకీ.

ఆ తీగల అవసరం ఇప్పుడు లేదు. అయితే 2020లో బడులు మూతపడినప్పుడు, ఒకే ఫోనుతో ఇద్దరు పిల్లలకు పాఠాలు ఎట్లాగని ఒక తల్లి నన్ను అడిగింది. బంధువులిచ్చిన పాత ఫోను ఒకటి ఉన్నది, దానిలో సిమ్ము లేదు. హాట్‌స్పాట్ వెలిగించి కలపడం చూపాను. ఫోనే తల్లి మెషిను. అంతా బాగున్నది, తండ్రి ఆ ఫోను జేబులో వేసుకొని పనికి పోగానే ఇద్దరి పాఠమూ ఆగింది. పొద్దున తొమ్మిది నుండి పన్నెండు వరకు ఫోను ఇల్లు కదలకూడదని ఆయనను ఒప్పించడానికి రెండుసార్లు వారి ఇంటికి పోయాను. మా ఇంటి దరఖాస్తు కథ చెప్పిన పిమ్మటనే ఒప్పుకొన్నాడు.

అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నది. ఫోనులో నాకు వ్రాసేది తెలుగే, లిపి మాత్రం ఇంగ్లీషు, త్వరగా అవుతుందట. నేను మన లిపిలోనే బదులు వ్రాస్తాను. మొన్న తొందరలో 'నీల్లు' అని కొట్టాను. వెంటనే "పెద్ద ఎల్లు నాయనా" అని వచ్చింది, తెలుగు అక్షరాలలో.