జ్యూరీ ప్రశ్న అడిగితే తప్పా?

క్లయింట్ కాల్‌లో మనల్ని మ్యూట్‌లో కూర్చోబెట్టి మేనేజర్ ఒక్కడే మాట్లాడ్డం మనకి అలవాటే. తీరా కోడ్ రాసే టైముకి అసలు సందేహం వస్తుంది. అడుగుదామంటే క్లయింట్ లేడు.

అమెరికాలో చాలా కోర్టుల్లో జ్యూరీ గతీ ఇంతే. ఒక మనిషి జైలుకెళ్ళాలో ఇంటికెళ్ళాలో తేల్చేది వాళ్ళు. కానీ "ఆ రాత్రి వీధి లైటు వెలుగుతోందా?" అని లాయర్లిద్దరూ అడగకపోతే ఇక నోరు మూసుక్కూర్చోవాల్సిందే.

అరిజోనా 1995లో దీన్ని మార్చింది. జ్యూరీ సభ్యులు ప్రశ్నని కాగితం మీద రాసిస్తారు. జడ్జి రెండు పక్షాల లాయర్ల అభ్యంతరాలు విని, సరే అనుకుంటే సాక్షికి చదివి వినిపిస్తారు. అక్కడే 2013లో జోడీ ఏరియస్ హత్య కేసులో ముద్దాయి స్వయంగా సాక్ష్యం చెబితే, జ్యూరీ నుంచి 200కి పైగా ప్రశ్నలొచ్చాయి. ఇన్ని అబద్ధాలు చెప్పినదాన్ని ఇప్పుడెందుకు నమ్మాలి అనే అర్థంలో కూడా ఒకటి! నన్నడిగితే అది ప్రశ్న కాదు, ముందే రాసేసుకున్న తీర్పు.

మిన్నెసోటా సుప్రీంకోర్టు 2002లో క్రిమినల్ కేసుల్లో ఇది కుదరదంది. నేరం రుజువు చెయ్యాల్సింది ప్రాసిక్యూషన్. వాళ్ళు వదిలేసిన ఖాళీని జ్యూరీ పూరిస్తే ముద్దాయికి అన్యాయం కదా? ఈ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కానీ అడగనివ్వనంత మాత్రాన సందేహం పోదండీ. అది జ్యూరీ గదిలోకి వెళ్తుంది. అక్కడ ఎవరో ఒకాయన "లైటు వెలిగే ఉంటుందిలే" అంటాడు. ఆ మాటని ఖండించడానికి అక్కడ ఏ లాయరూ ఉండడు. నాకు దీని కంటే ఆ కాగితమ్ముక్కే నయం అనిపిస్తుంది, జడ్జి జల్లెడ గట్టిగా పట్టేట్టయితేనే.

అన్నట్టు, మన 1872 నాటి సాక్ష్య చట్టంలో 166వ సెక్షన్ ఇదే. జడ్జి అనుమతితో జ్యూరీ సాక్షిని ప్రశ్నించొచ్చు. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకే చోటు లేకుండా పోయింది. సెక్షన్ మాత్రం ఎవరూ కాల్ చెయ్యని ఫంక్షన్‌లాగా పుస్తకంలో ఉండిపోయి, 2024 జులై 1న కొత్త చట్టం వచ్చాక గానీ పోలేదు. ఎంత లెగసీ కోడో చూడండి!

అమెరికా సిటిజన్‌షిప్ వచ్చిన మనవాళ్ళకీ జ్యూరీ డ్యూటీ కాగితాలొస్తాయి. మీలో ఎవరైనా అలా కూర్చునుంటే చెప్పండి, మిమ్మల్ని అడగనిచ్చారా?