నాన్నగారి వాతావరణ పుస్తకాలు

షిఫ్టు ముగించి ఇంటికి వెళ్ళేముందు లాగ్ బుక్కు వ్రాయనివారు మన కర్మాగారంలో ఉండరు. పీడనం ఎంత, ఉష్ణోగ్రత ఎంత, ఏ పంపు ఆగింది, ఎవరికి అప్పగించాము అన్నవి తప్ప అందులో మన అభిప్రాయాలకు చోటు లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారానికే నాకా పద్ధతి పట్టుబడినందుకు మా ఫోర్‌మన్ ఆశ్చర్యపోయాడు. అది నా గొప్ప కాదు. అటువంటి పుస్తకాన్ని మా ఇంట్లో ఊహ తెలిసిననాటినుండి చూస్తూ వచ్చాను.

మా నాన్నగారు దివిసీమలో, నాగాయలంకకు దిగువన ఒక పల్లెలో ఉపదేశి. ప్రార్థనాలయం పక్కనే మాకు రెండు గదుల ఇల్లు. జీతం స్వల్పం, అదీ నెలనెలా వచ్చేది కాదు. సంఘంలోని స్త్రీలు పొయ్యిమీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం వేరుగా తీసి ఉంచి, ఆదివారం ఆరాధనకు తెచ్చి గంపలో పోసేవారు. మా అన్నం చాలావరకు ఆ పిడికిళ్ళదే. పది ఇళ్ళ బియ్యం ఒక కుండలో ఉడికితే కొంత మెత్తబడేది, కొంత పలుకుగా మిగిలేది. ఇప్పటికీ నాకు మెస్సులోని ఒకే తీరు అన్నం రుచించదంటే మా శ్రీమతి నమ్మదు.

మధ్యాహ్న భోజనం కాగానే నాన్నగారు నోటుబుక్కు తీసి నాలుగైదు పంక్తులు వ్రాసేవారు. మొదట గాలి దిక్కు. తరువాత వాన: జల్లా, ముసురా, జడివానా. ఆ తరువాత కార్తె పేరు, ఆనాడు ఎవరి ఇంటికి వెళ్ళినదీ, ఎవరికి జ్వరమో, ఎవరు అలిగారో. పట్నంనుండి వచ్చిన పెద్ద ఒకాయన ఆ పుస్తకం చూసి, "క్రైస్తవ ఉపదేశికి కార్తెలు ఎందుకండీ?" అని నవ్వితే, "వరికి మతం లేదు కదండీ" అన్నారు నాన్నగారు. మా అమ్మ బాధ వేరు. "ఆకాశానికి లెక్క వ్రాస్తారు గానీ కొట్టువాడి లెక్క వ్రాయరు" అనేది.

ఆయన ప్రసంగాలన్నీ ఆ పుస్తకంలోనుండే పుట్టేవి. మావి కాలువ చివరి భూములు. శివారుకు నీరందని ఏడు ఓర్పును గురించి చెప్పేవారు. వాన పడకుండా నూర్పిళ్ళు గట్టెక్కిన ఏడు కృతజ్ఞతను గురించి చెప్పేవారు. గలిలయ సముద్రం మీద తుఫాను నిమ్మళించిన వృత్తాంతాన్ని మాత్రం, నాకు ఊహ వచ్చాక, ఆయన నోట వినలేదు.

1977 నవంబరు 19 శనివారం. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. వారం క్రితం, 12వ తేదీన, ఒక తుఫాను నాగపట్నం వద్ద తీరం దాటిపోయింది. ఇదీ అలాగే ఎటో పోతుందని మా ఊరివారు అనుకున్నారు. మధ్యాహ్నం దాటాక గాలి హోరులో పక్కవారి మాట వినబడలేదు. అందరం ప్రార్థనాలయంలో చేరాము. నీరు వచ్చింది. వానకు పెరిగే నీరు కాదు, నడిచి వచ్చిన నీరు. పెద్దల గుండెలవరకు లేచింది. నాన్నగారు పిల్లలను ఒక్కొక్కరినే అటక మీదికి ఎక్కించి, చివరగా నా చేతికి రెండు పుస్తకాలు అందించారు. ఒకటి బైబిలు, రెండవది ఆ నోటుబుక్కు. రాత్రంతా రెండింటినీ చంకలో ఇరికించుకొని కూర్చున్నాను.

మర్నాడు చూసినది ఇక్కడ వ్రాయను. ఆ ఉప్పెనలో పదివేలమందికి పైగా మరణించారని నేడు అందరికీ తెలిసినదే. మా దిగువ పల్లెలో ఒక్క గుడిసె మిగలలేదు.

కొన్ని వారాలకు ఒక ప్రసంగీకుడు మా ఊరు వచ్చి, ఇది జనుల పాపానికి శిక్ష అన్నాడు. నాన్నగారు లేచి నిలబడ్డారు. ఆయన అతిథి మాటకు అడ్డు రావడం ఎన్నడూ చూడలేదు. "అదే నిజమైతే మా ఇల్లు ముందు పోవలసింది" అని మాత్రం అని కూర్చున్నారు. వినయంతో అన్నమాట అనుకున్నాను.

1990 మే 9న మరో పెద్ద తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గరలోనే తీరం దాటింది. ఈసారి ముందుగానే సుమారు లక్షన్నర మందిని తరలించారు. మృతుల సంఖ్య వేయికి లోపే ఉన్నది. అధికారులు రాకముందే నాన్నగారు సైకిలు మీద గడపగడపకూ తిరిగి, "లేవండి, వెళ్ళండి" అని అరిచారట. మేకను వదిలి రానన్న ముసలమ్మతో తగవు పడి, చివరకు మేకను తానే మోసారట.

తరువాత ఒకసారి సెలవుపై వెళ్ళినప్పుడు నా చదువు ప్రదర్శించాను. మన బంగాళాఖాతంలో తుఫాను గాలి అప్రదక్షిణంగా తిరుగుతుందని, 1977లో అది చీరాల వైపు తీరం దాటినందున కుడిపక్కనున్న దివిసీమపైకి గాలి సముద్రాన్ని నెట్టుకొచ్చిందని, లోతు తక్కువైన తీరంలో ఆ నీటికి పైకి లేవడం తప్ప దారి ఉండదని కాగితంపై గీసి చూపాను. నాన్నగారు శ్రద్ధగా విని ఒకే ప్రశ్న వేశారు. "ఇదంతా ఆనాడు శనివారం పొద్దుటికే తెలిసే వీలుందా, నాయనా?" హెచ్చరిక ఉండనే ఉన్నది, ఎక్కడ తాకుతుందో పల్లెలకు స్పష్టంగా చేరలేదని చెప్పాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

2011లో నాన్నగారు పోయాక నోటుబుక్కులు నా వాటాకు వచ్చాయి. 1977 పుస్తకం అట్ట ఉప్పునీటికి ఉబ్బి ఉంది. నవంబరు 19 పేజీ తీశాను. "ఈశాన్యపు గాలి, జోరు. ముసురు. విశాఖ కార్తె. పొద్దున దిగువ పల్లెకు పోయి వచ్చాను. వీరయ్యగారి" అన్నంతలో ఆ పేరును కొట్టివేసి, "ఆ ఇంటివారు పిల్లలతో చల్లపల్లి పోతామన్నారు. రేపు కోత కానుకల ఆదివారం, ఆరాధన చూసుకొని పొమ్మన్నాను. సరే అన్నారు." దాని కింద వేరే సిరాతో ఒక్క మాట: "ఐదుగురు."

అటక మీద రాత్రంతా నేను మోసినది ఆ పేజీని.

తరువాతి పుస్తకాలన్నీ తిరగవేశాను. దేవుడెందుకిలా చేశాడని గానీ, తనను క్షమించమని గానీ ఎక్కడా వ్రాసుకోలేదు. 1978 నుండి మాత్రం మబ్బు పట్టిన ప్రతిరోజూ ఒక పంక్తి అధికం: ఊరినుండి ఎవరు వెళ్ళారు, ఎవరు ఉన్నారు. మా అక్క పెళ్ళినాటి పేజీలోనూ అదే. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు పేర్లకంటే ముందు, వాన రాకముందే బండ్లెక్కిన చుట్టాల జాబితా ఉంది.

అమ్మ వద్దకు పుస్తకం తీసుకువెళ్ళాను. చదివి వినిపించాలా వద్దా అని చాలాసేపు తటపటాయించి, చివరకు ఆ ఇల్లు గుర్తుందా అని అడిగాను. అమ్మ చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

"గుర్తు లేకేమి? ఆ ఇంటి పిడికెడు బియ్యం కూడా ఇన్నేళ్ళూ మన కుండలోనుండే తీశాను. ఆదివారం గంపలో ఆయన తన చేత్తోనే పోసేవారు."