ఎదుటి చెవి

గిటార్ మెడకు బిగించే కాపో చిన్న వస్తువు. రెండో ఫ్రెట్ మీద పెడితే శ్రుతి రెండు అరస్వరాలు పైకి జరుగుతుంది. వేళ్లకు అలవాటైన కార్డ్ షేపులు మాత్రం మారవు. "పాట బాగుంది గానీ, నీ గొంతు ఇంకాస్త పైన హాయిగా ఉంటుందిరా" అని మా బాబాయి అన్న రోజు నుంచి కాపో నా గిటార్‌ను వదల్లేదు.

మన గొంతు మనకు ఎముకల గుండా కూడా వినిపిస్తుంది. లోపల గంభీరంగా మోగేది రికార్డింగులో పలచగా, ఎవరిదో అన్నట్టుగా ఉండేది అందుకే. పాడేవాడికి తన పాట పూర్తిగా అందదు. అందని భాగం వినేవాళ్ల దగ్గరే ఉంటుంది.

1996లో మొదలైన టీవీ పాటల పోటీ 'పాడుతా తీయగా'లో గాయకుడు ఎస్పీ బాలు గారు, పోటీదారులు జారిన చోటును దాటేసేవారు కాదు. దాన్ని తానే పాడి చూపేవారు. దిద్దుబాటు కూడా పాటలాగే చెవికెక్కేది.

స్నేహితులు పాడి నా వైపు చూసినప్పుడు 'సూపర్' అనేయొచ్చు. దానికి వినక్కర్లేదు. 'రెండో చరణంలో ఊపిరి చాల్లేదు' అనాలంటే మాత్రం పాటంతా వినాలి. సరదాకి పాడుకునే మనకు డబ్బూ పేరూ ఎలాగూ రావు. ఒకరు అంత శ్రద్ధగా విన్నారంటే, ఆ పాటకు దక్కాల్సింది దక్కినట్టే.