పెల్లెట్ పొయ్యి, నా పిసినారితనం

మా అత్తయ్యగారు ఉయ్యూరు దగ్గర పల్లెలో ఏళ్ల తరబడి పొట్టు పొయ్యి మీదే వండారు. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దట్టించి, సీసాను మెల్లగా పైకి లాగేవారు. ఆ ఖాళీలోకి కింది కన్నం నుంచి నిప్పు పెడితే గంటలు మండేది. పనయ్యాక డబ్బా బోర్లిస్తే చాలు. విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంటి వెనక కర్రీ పాయింట్‌కి పెల్లెట్ పొయ్యి కొన్నప్పుడు నా బుర్రలో ఉన్నది ఆ డబ్బాయే. బూడిద దులిపితే సరిపోతుందనుకున్నాను.

ఈ పొయ్యి వేరు. ఫ్యాను తోసే గాలి రెండు దారుల్లో వెళ్తుంది. అడుగు జల్లెడ గుండా వచ్చిన గాలి పెల్లెట్లను, అంటే పొట్టును అదిమి చేసిన గుళికలను, కాల్చి పొగ లేపుతుంది. పై అంచు చుట్టూ ఉన్న సన్న కన్నాల గాలి ఆ పొగను మండిస్తుంది. గిన్నె కింద మనం చూసే మంట చాలావరకు పొగదే. కన్నాలు పూడిపోయాయా, ఆ పొగ మండకుండా గదిలోకొస్తుంది, వాసన కూడా తెలియని కార్బన్ మోనాక్సైడ్‌ని వెంటబెట్టుకుని. ఇదంతా కొన్నరోజే అమ్మినతను చెప్పాడు. నేను బేరంలో ఉన్నాను.

మొదట్లో కొన్నవి చెక్కపొట్టు పెల్లెట్లు. మంచి చెక్కపొట్టయితే వంద కిలోలకు కిలో బూడిద కూడా రాదు. తర్వాత చవగ్గా వస్తున్నాయని ఊక, వరిగడ్డి కలిపినవి తెప్పించాను. ఊకలో ఇంచుమించు అయిదో వంతు బూడిదే, అందులో అధిక భాగం సిలికా. గడ్డిలో పొటాషియం ఎక్కువ. అది సిలికాతో కలిస్తే తక్కువ వేడికే కరిగి, చల్లారాక గాజులా గట్టిపడుతుంది. జల్లెడ మీద నల్లటి చిట్టెం పేరుకుంది. ఇనప చువ్వతో పొడిచాను. రాకపోతే ఎర్రగా ఉన్నప్పుడే చెంబుడు నీళ్లు పోశాను. టప్‌మని పగిలింది, చిట్టెం కాదు, జల్లెడ.

ఇంతకన్నా పెద్ద తెలివితక్కువ పని 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా పేటను ముంచెత్తాక చేశాను. నీళ్లలో నానిన పెల్లెట్లు ఉబ్బి, బస్తాలు చిరిగి, ముద్దయిపోయాయి. పారేయడానికి ప్రాణం ఒప్పలేదు. మేడ మీద ఎండబెట్టి ఆ పొడినే పొయ్యిలో దట్టించాను, అత్తయ్యగారి డబ్బాలో లాగే. కానీ పొట్టు పొయ్యిలో సీసా తీసిన దారి ఉంటుంది, ఇందులో నేను ఆ దారే లేకుండా చేశాను. మంట పడుకుంది. తెల్లటి పొగ చిక్కగా లేస్తుంటే ఫ్యాను పెంచి, వంగి చూశాను. పోగైన పొగంతా ఒక్కసారి అంటుకుని భుస్సుమని ముఖం మీదికి లేచింది. కనుబొమలు, ముందు జుట్టు కమిలాయి. అత్తయ్యగారు వెన్న రాస్తూ, "పొయ్యిలోకి ముఖం పెడతారటే?" అన్నారు. కాలిన చోట వెన్న రాయకూడదు, చల్లని నీళ్లు పోయాలి. ఆవిడకి ఆ మాట చెప్పే స్థితిలో లేను.

ఆ తర్వాత ఆటోనగర్‌లో మెకానిక్ పొయ్యి విప్పి, పై అంచు రింగును వెలుతురుకి పట్టి చూపించాడు. చుట్టూ ఉండాల్సిన వెలుగు చుక్కల్లో నాలుగైదే కనిపించాయి. మిగతా కన్నాలు మసితో పూడిపోయాయి. "గాలే లేకపోతే ఎంత పోసినా ఏం మండుతుందమ్మా?" అన్నాడు. సన్నటి తీగతో ఒక్కో కన్నం పొడిచి, ఫ్యాను రెక్కల మీది బూడిదను కుంచెతో దులిపాడు. తడిగుడ్డ మాత్రం మోటారు దగ్గరికి రానివ్వొద్దన్నాడు.

ఇప్పుడు రాత్రి చల్లారిన పొయ్యిని పొద్దున్నే విప్పుతాను. బూడిదను మూతున్న ఇనప బకెట్లోకే ఎత్తుతాను, ప్లాస్టిక్ డబ్బాలోకి కాదు. పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు ఒక్కోసారి మర్నాటిదాకా బతికే ఉంటుంది. పెల్లెట్లు మూత గట్టిగా పట్టే డ్రమ్ములో, నేలకి తగలకుండా చెక్క పీట మీద పెడతాను. మన కృష్ణా గాలి తేమకి బస్తా మూతి తెరిచి వదిలేస్తే వానాకాలంలో పొడి రాలుతుంది.

కొత్త బస్తా వస్తే ముందు కొన్ని పెల్లెట్లు పొయ్యిలో కాల్చి చూస్తాను. బూడిద ఊదితే ఎగిరేలా ఉంటేనే డబ్బులు. గడ్డ కడితే తిప్పి పంపేస్తాను. మొన్నొకటి అలాగే పంపాను, ఆటో బాడుగ నా నెత్తినే పడింది.