పంటి మీద నేరం

ఆషాఢం వచ్చిందంటే మా క్లినిక్‌కి బ్యాండు మేళం వాళ్ళు వస్తారు. ముహూర్తాలుండవు, చేతిలో పనుండదు. మాఘం నుంచి ఓర్చుకున్న పంటి నొప్పులన్నీ అప్పుడే బయటపడతాయి. మొన్నటి ఆషాఢంలో అలాగే ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. తండ్రిది ముప్ఫై ఏళ్ళ క్లారినెట్. కొడుక్కి పదహారేళ్ళు. వాడూ క్లారినెట్టే నేర్చుకున్నాడు గానీ, ఈమధ్య పెళ్ళివారు అడుగుతున్నారని రెండు నెలల కిందట ఆల్టో శాక్సోఫోన్ చేతికిచ్చారట.

"కింద పన్ను ఒకటి ముందుకొచ్చింది డాక్టరుగారూ. దానివల్లే వాయిద్యం కీచుమంటోంది. కాస్త అరగదియ్యండి," అన్నాడు తండ్రి.

కుర్చీలో కూర్చోబెట్టి చూశాను. పన్ను నిజంగానే వరస తప్పింది. కింది పెదవి తిప్పి చూస్తే లోపల దాని అచ్చు, పక్కనే తెల్లగా చిన్న పుండు. ఇరవై ఏళ్ళ కిందటైతే వెంటనే మిషను అందుకునేవాణ్ణి.

అందుకున్నాను కూడా. అప్పుడొచ్చిన మనిషి బ్యాంకు ఉద్యోగి. కద్రి గోపాల్‌నాథ్ కచేరీ విని మోజుపడి, నలభై దాటాక శాక్సోఫోన్ మొదలుపెట్టాడు. ఆయన్ని తప్పుపట్టలేం. అడాల్ఫ్ సాక్స్ అనే బెల్జియం మనిషి 1846లో పారిస్‌లో పేటెంటు తీసుకున్న ఆ ఇత్తడి గొట్టంలో గమకాలు పలికించవచ్చని ముందుగా ఎవరనుకుంటారు? నాదస్వరం ఇంట పుట్టిన గోపాల్‌నాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో దాన్ని విని వెంటపడ్డాడు. ఆయన్ని విని మా బ్యాంకు బాబు వెంటపడ్డాడు. కింది స్వరాలకు వచ్చేసరికి కీచు. పన్ను అంచు పదునుగా కనబడింది, పైపైన అరగదీశాను. కీచు పోలేదు. మళ్ళీ వచ్చాడు, ఇంకాస్త తీశాను. అదీ పోలేదు.

ఆఖరికి వాయిద్యాలు బాగుచేసే ఒక ముసలాయన నిమిషంలో తేల్చేశాడు. మౌత్‌పీస్ తగిలించే వంపు గొట్టాన్ని మెడ అంటారు. దాని మీద ఆక్టేవ్ కీ ఉంటుంది. కొత్తవాళ్ళు బిగించేటప్పుడు ఆ కీనే పట్టుకుని తిప్పేస్తారు, అది వంగిపోతుంది. అప్పుడు మూసుకోవలసిన చిన్న రంధ్రం ఓరగా తెరుచుకుని ఉంటుంది. గాలి అక్కడ జారుతుంది, కింది స్వరం ఉన్నట్టుండి పైకి ఎగురుతుంది. పరీక్ష చాలా తేలిక. ఎడమచేతి మూడు వేళ్ళూ కీల మీద నొక్కి ఉంచి బొటనవేలితో ఆక్టేవ్ కీని ఆడించాలి. మెడ మీది మూత కదలకూడదు. బ్యాంకు బాబుది కదులుతోంది. ఎనామిల్ మళ్ళీ పెరిగేది కాదు. "పోన్లెండి డాక్టరుగారూ," అన్నాడాయన. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటినుంచి గాలి వాయిద్యాల వాళ్ళు ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే: "వాయిద్యం తెచ్చారా?"

కుర్రాడు తెచ్చాడు. క్లినిక్‌లోనే వాయించమన్నాను. రూట్ కెనాల్ కోసం బయట కూర్చున్న పెద్దావిడ, లోపల ఎవరినో ఏదో చేస్తున్నారనుకుని గుమ్మందాకా వచ్చి చూసింది. ఆక్టేవ్ కీ సరిగ్గానే ఉంది. గది చీకటి చేసి, గొట్టంలోకి మా చిన్న లైటు దించాను. రంధ్రాలు మూసే ప్యాడ్ల అంచుల్లో వెలుగు కారలేదు. ఎడమ అరచేయి పక్క కీలకు తగలడం లేదు. ఇక మిగిలింది నోరు.

మౌత్‌పీస్ ఒక్కటే ఊడదీయించి ఊదించాను. శ్రుతి చూపించే ఆప్ నా ఫోన్లో ఉంది. ఆల్టో మౌత్‌పీస్ ఒంటిగా ఊదితే 'ఎ' స్వరం దగ్గర పలకాలి. వీడిది 'సి' దాకా పోయింది. క్లారినెట్‌కి అది సరిగ్గా ఉండవలసిన చోటే. అంటే కుర్రాడు వాయిద్యం మార్చాడు గానీ దవడ మార్చలేదు. అంత గట్టిగా కొరికితే రీడ్, అంటే ఊగి స్వరం పుట్టించే పల్చని బద్ద, మౌత్‌పీస్‌కి అతుక్కుపోయి, పూర్తిగా ఊగడానికి చోటుండదు. అదే కీచు. కీచుమంటుందన్న భయంతో ఇంకా కొరికాడు, పెదవి పుండయింది. పుండు చూసి తండ్రి పంటి మీద నేరం మోపాడు.

రీడ్‌ని నా భూతద్దం కింద పెట్టాను. కొసన గోరంత ముక్క లేచిపోయి ఉంది. పైగా అది 3వ నంబరు, కొత్తవాడి పెదవికి మరీ బిరుసు. దాన్ని చెత్తబుట్టలో వేయబోతే తండ్రి చేయి అడ్డుపెట్టాడు. దాని ఖరీదు ఆయనకు తెలుసు.

ప్రిస్క్రిప్షన్ కాగితం అంచు చింపి రీడ్‌కీ మౌత్‌పీస్‌కీ మధ్య మెల్లగా దూర్చాను. ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టాను. "కింది పెదవి ఇక్కడుండాలి. పై పళ్ళు మౌత్‌పీస్ మీద ఊరికే ఆనించు. పెదవులు 'ఊ' అన్నట్టు చుట్టూ బిగించు, కింది దవడని మాత్రం వదిలెయ్," అన్నాను. నాలుగోసారికి ఫోన్లో ముల్లు 'ఎ' వైపు జారింది. వాయిద్యానికి తగిలించాక కింది స్వరం బొంగురుగానైనా నిలబడింది. తండ్రి ఏమీ అనలేదు, చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ప్రతిసారీ కథ ఇలాగే నడవదు. జలుబు మాత్రలకు నోరెండి, రీడ్ తడవక కీచుమనిపించినవాళ్ళు ఉన్నారు. మాత్ర మార్పిస్తే సరిపోయింది. పళ్ళకు తీగలు వేయించుకున్న ఒకమ్మాయికి కాస్త మైనం ముద్ద చాలింది. పన్ను అరగదీయవలసిన అవసరం నిజంగా ఉన్నవాళ్ళు ఈ ఇరవై ఏళ్ళలో నాకు ఇద్దరే తగిలారు, వాళ్ళనీ ముందు నెల్లాళ్ళు ఆపాను.

ఆ కుర్రాడి చీటీలో పెదవి పుండుకి జెల్ రాశాను. దాని కింద "రీడ్, 2వ నంబరు, ఆల్టో. వాడే ముందు రెండు నిమిషాలు తడపాలి," అనీ, ఆ కింద "పన్ను: ముట్టుకోలేదు," అనీ రాశాను. అరగంటకి కింద మందుల షాపు నుంచి ఫోను.

"డాక్టరుగారూ, జెల్ ఇచ్చానండీ. ఈ రీడు ఏ కంపెనీదండీ, మా దగ్గరికి ఇంకా రాలేదు."