బూటులో గవ్వ

మా ఇంట శీతకాలపు సెలవులంటే సంక్రాంతి సెలవులే. హైదరాబాదు, బెంగళూరు, అమెరికాలలో స్థిరపడిన పిల్లలు వీలు చూసుకొని జంగారెడ్డిగూడెం చేరతారు. గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి దర్శనం, అన్నయ్య పొగాకు చేనుకు ఒక ప్రయాణం, వదిన చేతి అరిసెలు, అంతటితో సెలవులు పూర్తి. 2023లో ఈ ఆనవాయితీ తప్పింది. అన్నయ్యకు డెబ్బై ఏళ్ళు నిండిన సందర్భంగా డిసెంబరు చివరి వారంలో కుటుంబమంతా అండమాన్ దీవులకు వెళ్ళాలని పిల్లలు నిర్ణయించారు. బ్యారన్లలో మంట వేసే రోజులు దగ్గర పడుతున్నాయని అన్నయ్య గునిశాడు గాని, ఏడేళ్ళ మనుమరాలు అడిగేసరికి కాదనలేకపోయాడు.

మేము పదిహేడు మందిమి. అందరి ఆరోగ్యానికీ పూచీ సహజంగానే నాది. రక్తపోటు చూసే యంత్రం, గ్లూకోమీటరు, పడవలో వాంతులు రాకుండా మాత్రలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు సర్దుకున్నాను. అన్నయ్య ఇన్సులిన్‌ను పెద్ద సామానులో పెట్టనివ్వక చేతిసంచిలో ఉంచాను. విమానం కింది అరలో అది గడ్డకట్టితే పనికిరాదు. పదిహేనేళ్ళుగా ఆయన షుగరు చూస్తున్నది నేనే. ఏ మందు ఎంత మోతాదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

మధురపూడిలో విమానమెక్కి, చెన్నై మీదుగా నాటి పోర్ట్ బ్లెయిర్ చేరాము. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురమని పేరు మార్చారు. సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడటం చూసి వదిన కంగారుపడింది. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగానే పోతుంది. అండమాన్ దానికి మరో పది డిగ్రీలు తూర్పున ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు మనకన్నా సుమారు నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. చీకటి పడిందని ఇన్సులిన్, భోజనం ముందుకు జరపవద్దనీ, గడియారం ప్రకారమే కానివ్వమనీ చెప్పాను. నా జాగ్రత్తకు నాకే ముచ్చట వేసింది.

మరునాడు సెల్యులార్ జైలు చూశాము. 1906లో పూర్తయినప్పుడు దానికి ఏడు శాఖలుండేవి. నేడు మిగిలినవి మూడు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి గారిని ఇక్కడికే పంపారని చెబితే, అన్నయ్య ఒక గదిలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు. బయటికి వచ్చేటప్పుడు గడప దగ్గర తూలాడు. "ఏమైంది అన్నయ్యా?" అన్నాను. "ఏం లేదురా, ఈమధ్య దూది మీద నడిచినట్టుంటోంది" అన్నాడు. వయసు మీద పడుతోందని నవ్వేశాను. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మూడవనాడు పడవలో స్వరాజ్ ద్వీపం, అంటే పాత పేరున హావ్‌లాక్, చేరి రాధానగర్ సముద్రతీరానికి వెళ్ళాము. తెల్లని మెత్తని ఇసుక, ఒడ్డువరకూ దిగివచ్చిన అడవి, అలజడి లేని నీలినీరు. చెప్పులు లేకుండా నడవవద్దని అన్నయ్యకు గట్టిగా చెప్పి కొత్త బూట్లు తొడిగించినది నేనే. నీళ్ళలో దిగేటప్పుడు మాత్రం వాటిని విప్పి ఒక చెట్టు మొదట్లో పెట్టాడు.

మనుమరాలికి మొన తేలిన గవ్వ ఒకటి దొరికింది. దీవుల నుంచి గవ్వలు, పగడపు ముక్కలు తీసుకుపోకూడదని వాళ్ళ నాన్న చెప్పి ఉన్నాడు. పాపకు దాన్ని వదలబుద్ధి కాలేదు. ఎవరూ చూడని చోటు కోసం వెతికి, తాతయ్య బూటు లోపల, వేళ్ళ దగ్గరికి తోసి దాచింది. అన్నయ్య వచ్చి ఆ బూటు తొడుక్కున్నాడు. బండి వరకు నడిచాడు, బసకు వచ్చాడు, ఆవరణలో పచార్లు చేశాడు, భోజనానికి కూర్చున్నాడు. దాదాపు మూడు గంటలు.

రాత్రి పడుకోబోయే ముందు పాప ఏడుపు ముఖంతో వచ్చి, "తాతయ్యా, నీ బూటులో నా గవ్వ ఉంది, ఇవ్వవా?" అంది. ఆయన నవ్వుతూ బూటు విప్పాడు. మేజోడు ముందుభాగమంతా ఎర్రగా తడిసి ఉంది. బొటనవేలి మొదట్లో అడుగున గవ్వ మొన దిగి, చుట్టూ రూపాయి బిళ్ళంత మేర చర్మం నలిగిపోయింది. తన వల్లే అయిందని పాప గుక్కపెట్టి ఏడ్చింది. "ఊరుకో అమ్మా, నాకు నొప్పే లేదు" అన్నాడు అన్నయ్య.

అది ఓదార్పు మాట కాదు, నిజం. వైద్యుడిగా నేను విన్న మాటల్లో అంతటి భయంకరమైనది మరొకటి లేదు.

మధుమేహం ఏళ్ళ తరబడి ఉన్నప్పుడు నరాలు దెబ్బతింటాయి. అందులోనూ పొడవైన నరాల చివరలు ముందు చెడతాయి కనుక స్పర్శజ్ఞానం పాదాల వేళ్ళ నుంచి పైకి పోతూ వస్తుంది. దూది మీద నడిచినట్టుండటం, మంటలు, తిమ్మిర్లు, చెప్పు జారిపోయినా తెలియకపోవడం దాని గుర్తులు. చాలామందిలో ఆ గుర్తులు కూడా ఉండవు. నొప్పి తెలియని కాలిని మనిషి కాపాడుకోడు. గాయం మీదనే నడుస్తాడు. రక్తప్రసరణ కూడా మందగించి ఉంటే పుండు మానదు. చివరకు వేలు, పాదం తీసివేయవలసిన స్థితి వస్తుంది. పొగ తాగేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. పొగాకు పండించే ఇంట చుట్ట మానమని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, చెప్పాను కూడా. పాదాలు మాత్రం చూడలేదు. పదిహేనేళ్ళలో ఒక్కసారైనా ఆయన మేజోళ్ళు విప్పించి చూడలేదు. అన్నగారి పాదాలు నా చేతుల్లోకి తీసుకుంటే ఆయన ఒప్పుకోడన్న మొహమాటం కొంత, అంకెలు బాగున్నాయి కదా అన్న ధీమా కొంత.

వదిన పసుపు, కాఫీ పొడి తెచ్చింది. అవి గాయంలో వేయవద్దని ఆపి, శుభ్రమైన నీటితో ధారగా కడిగి గుడ్డ కట్టాను. సముద్రంలో తడిసిన గాయాన్ని తేలికగా తీసుకోకూడదు. ఉప్పునీటిలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు మధుమేహ రోగులలో గంటల వ్యవధిలోనే ప్రమాదం తేగలవు. తెల్లవారగానే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాము. అక్కడి నర్సు మా మాటలు విని తెలుగులో పలకరించింది. వాళ్ళ తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చినవారట. ధనుర్వాతపు సూది వేసి, కట్టు కడుతూ, "రోజూ పాదాలు ఎవరు చూస్తారండీ?" అని అడిగింది. "మా తమ్ముడు డాక్టరేనమ్మా" అన్నాడు అన్నయ్య, ఎంతో గర్వంగా. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

తక్కిన రోజులు ఆయన వసారాలో కాలు చాపుకొని కూర్చున్నాడు. వంతులవారీగా ఎవరో ఒకరం తోడున్నాము. ఊరికి వచ్చాక ఎక్స్‌రే తీయిస్తే ఎముకకు చీము పట్టలేదని తేలింది. ఆ కాలి మీద బరువు పడకుండా చూస్తూ, ఒకరోజు విడిచి ఒకరోజు కట్టు మారుస్తూ వచ్చాము. గాయం పూడేసరికి మార్చి వచ్చింది. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆయన లేకుండా బ్యారన్లు మండాయి. మంచం మీద పడుకొని, వాసనను బట్టి ఆకు ఎలా పండుతోందో చెప్పేవాడు.

ఆయన పాదాలను ఆ దీవి నుంచి వచ్చాకే సరిగా పరీక్షించాను. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగును అరికాలికి ఆనించి చూడటం మేము చేసే పద్ధతి. ఇంట్లో అది లేకపోయినా ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు రూపొందించిన తేలిక పరీక్ష ఒకటి ఉంది. రోగిని కళ్ళు మూసుకోమని, రెండు పాదాలలోనూ బొటనవేలి, మధ్యవేలి, చిటికెనవేలి కొసలను చూపుడువేలితో ఒకటి రెండు క్షణాలు మృదువుగా తాకాలి. నొక్కకూడదు, గిచ్చకూడదు. తాకినప్పుడల్లా చెప్పమనాలి. ఆరింటిలో రెండు లేదా అంతకు మించి తెలియకపోతే స్పర్శ తగ్గిందని అనుమానించి వైద్యుడికి చూపించాలి. అన్నయ్యకు ఆరింటిలో నాలుగు తెలియలేదు. ఇప్పుడు ఆయన బూటు తొడిగే ముందు తలకిందులు చేసి దులపడం, లోపల చెయ్యి పెట్టి తడమడం వదిన పని. రాత్రిపూట అద్దం పెట్టి అరికాళ్ళు చూడటమూ ఆమె పనే.

వేసవి సెలవులకు పాప వచ్చింది. తాతయ్య కాళ్ళు తాకి చూసే పరీక్ష తానే చేస్తానని పట్టుబట్టింది. అన్నయ్య పడకకుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. పాప వరుసగా తాకుతుంటే ఆయన "ఆఁ, తెలిసింది... ఆఁ, ఇదీ తెలిసింది" అంటూ ఆరింటికి ఆరూ చెప్పేశాడు. నేను ఆశ్చర్యపోయే లోపలే పాప నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది.

"చిన్నతాతయ్యా, చివరి రెండూ నేను తాకనేలేదు."